ముగింపు ముందే తెలిసిన ప్రేమకథ: ఎడిటింగ్ టేబుల్ మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

నేను సినిమా ఎడిటర్‌ని. నా దగ్గరికి వచ్చే సినిమాల్లో కొన్ని అప్పటికే వేరొకరు కూర్చి పెట్టినవి. సినిమా ఎక్కడో కుదరలేదని తెలుస్తూనే ఉంటుంది, ఎక్కడో మాత్రం ఎవరికీ అంతుపట్టదు. కొత్తవాళ్లు చూస్తే దొరుకుతుందేమోనని పంపుతారు. ఇక్కడ రాస్తున్నది అలా వచ్చిన ఒక ప్రేమకథ గురించి. దర్శకుడి అనుమతితోనే రాస్తున్నాను. సినిమాను గుర్తుపట్టకుండా పాత్రల వృత్తులు, చోటు, కొన్ని సంఘటనలు మార్చాను. నిర్ణయాలను, వాటి వెనుక ఆలోచనను మాత్రం జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

కథ చిన్నది. ఏడేళ్ల క్రితం విడిపోయిన ఇద్దరు, తమకు చదువు చెప్పిన గురువుగారు చనిపోయాక ఆయన ఇల్లు ఖాళీ చేసే పని మీద మళ్లీ కలుస్తారు. నాలుగు రోజుల పని. ఆమెకు మరొకరితో నిశ్చితార్థం అయింది. విడిపోయే ముందు అతను ఆమెకు ఒక ఉత్తరం రాసి గురువుగారి చేతికిచ్చాడు. అది ఆమెకు చేరలేదు. నాలుగో రోజు సాయంత్రం ఆమె వెళ్లిపోవడానికి రైల్వే స్టేషన్‌కు చేరుకుంటుంది. అతను పరుగెత్తుకుంటూ వస్తాడు.

ఈ నాలుగు ముక్కలు చదివిన ఎవరికైనా చివర ఏమవుతుందో తెలుసు. సినిమా చూసినవాళ్లకూ పద్దెనిమిదో నిమిషానికే తెలిసిపోయింది.

వచ్చిన సమస్య

నా చేతికి వచ్చిన కట్ (అప్పటికి కూర్చిన సినిమా రూపం) నిడివి 152 నిమిషాలు. నిర్మాణ సంస్థ అప్పటికే ఒక ప్రివ్యూ వేసింది. వచ్చిన అభిప్రాయాలన్నీ ఒకే మాట మీద ఉన్నాయి: ముందే తెలిసిపోతోంది. దర్శకుడు ఆ కాగితాలు నా ముందు పెట్టి, "మీరు చేయగలిగిందల్లా చేయండి, ముగింపు మాత్రం ఎవరూ కనిపెట్టకూడదు" అన్నారు.

ఆ అభ్యర్థనను నేను ఉన్నదున్నట్టుగా తీసుకున్నాను. ఈ కేసులో నా మొదటి తప్పు అదే. రోగి "కడుపు నొప్పి" అన్నంత మాత్రాన జబ్బు కడుపులోనే ఉందని వైద్యుడు తీర్మానించడు. ప్రేక్షకుడు "ముందే తెలిసిపోయింది" అన్నప్పుడు చెబుతున్నది తనకు కలిగిన విసుగు గురించి. ఆ విసుగు ఎక్కడ పుట్టిందన్నది ఆ మాటలో ఉండదు. దాన్ని వెతకకుండానే నేను మందు మొదలుపెట్టాను.

అయినా ఆ కట్‌లో మొదటిసారి చూసినప్పుడే నన్ను పట్టేసిన చోటు ఒకటుంది. తర్వాత జరిగినదంతా దాని చుట్టూనే తిరిగింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మొదటి రోజు మధ్యాహ్నం. ఇద్దరూ పుస్తకాలు పెట్టెల్లో సర్దుతుంటారు. ఆమె చేతిలో అంటించే టేపు చుట్ట. దాని కొస ఎక్కడో అతుక్కుపోయింది, దొరకడం లేదు. గోటితో గీరుతూ చుట్టను తిప్పుతూ ఉంటుంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అతను తల ఎత్తకుండానే చెయ్యి చాపుతాడు. ఆమె కూడా అతని వైపు చూడకుండానే చుట్ట అందిస్తుంది. అతను బొటనవేలి గోటితో కొస పట్టుకుని, రెండు అంగుళాలు లాగి, మళ్లీ అతుక్కోకుండా చివర మడతపెట్టి తిరిగి ఇస్తాడు. ఆ మడత చూసి ఆమె ఒక్క క్షణం ఆగుతుంది. ఏడేళ్ల క్రితం ఈ ఇద్దరూ ఎలా బతికారో ఆ మడతలో ఉంది.

నాకు వచ్చిన కట్‌లో ఈ షాట్ రెండు సెకన్లే ఉంది. ఆ వెంటనే అతను "నువ్వేమీ మారలేదు" అంటాడు. ఆ తర్వాత నేపథ్య సంగీతం అందుకుంటుంది. రషెస్‌లో, అంటే కత్తిరించక ముందు షూటింగ్‌లో తీసినదంతా ఉన్న చోట, చూస్తే ఆ షాట్ పూర్తి నిడివి పందొమ్మిది సెకన్లు.

మొదటి ప్రయత్నం: దాచడం

ముగింపు తెలియకూడదంటే గతం తెలియకూడదు అనుకున్నాను. వాళ్లిద్దరూ ఒకప్పుడు ప్రేమించుకున్నారని చెప్పే మొదటి సన్నివేశాలను తీసి, యాభయ్యో నిమిషం దాకా వెనక్కి నెట్టాను. అప్పటిదాకా వాళ్లు పాత సహాధ్యాయులు, అంతే. రహస్యం ఒకటి మెల్లగా విచ్చుకుంటే ఆసక్తి పెరుగుతుందని నా లెక్క.

పదిమందిని కూర్చోబెట్టి ఆ కట్ చూపించాను. ముగింపును అందరూ కనిపెట్టారు. కథ వాళ్లకు ఆ సంగతి చెప్పలేదు, కథ చెప్పే పద్ధతి చెప్పింది. పోస్టర్ మీద ఇద్దరి ముఖాలు ఉన్నాయి, పేర్లు పక్కపక్కనే పడ్డాయి, కెమెరా వాళ్లిద్దరినీ ఒకే వెలుగులో చూపిస్తోంది. ప్రేమకథ అన్నదే ఒక మాట ఇవ్వడం. టికెట్ కొన్న మనిషి ఆ మాట విన్నాకే లోపలికి వస్తాడు. ఎడిటర్ దాన్ని దాచలేడు.

పైగా కొత్త నష్టం ఒకటి వచ్చింది. గతం తెలియని ప్రేక్షకుడికి టేపు చుట్ట సన్నివేశం టేపు చుట్ట సన్నివేశంగానే మిగిలింది. ఆ మడతకు అర్థం లేకుండా పోయింది. మొదటి యాభై నిమిషాలు మనసుకు అంటలేదని వాళ్లు చెప్పారు. ఆ కట్ పక్కన పెట్టాను.

రెండో ప్రయత్నం: మలుపు

ఈసారి ఆలోచన నిర్మాతది. కథానాయకుడికి ప్రాణాంతకమైన జబ్బు ఉందని చివరి అరగంటలో బయటపెడదామన్నారు. రెండు రోజుల ప్యాచ్ వర్క్, అంటే అతుకుగా వేసే అదనపు షూటింగ్, చేశారు. ఆసుపత్రి నడవా, ఒక ఫైలు, అద్దంలో చూసుకునే ముఖం. కొన్ని డైలాగులకు కొత్త డబ్బింగ్ చెప్పించారు. నాకు మొదట్లో అభ్యంతరం లేదు. ప్రేక్షకుడు వెళ్తున్న దారిలో ఒక గొయ్యి తవ్వితే కనీసం నడక మారుతుంది కదా అనుకున్నాను.

గొయ్యి పని చేసింది. చూసినవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఆ తర్వాత వాళ్లు మాట్లాడుకుంటుంటే పక్కన నిలబడి విన్నాను. ఒక పెద్దావిడ అన్న మాట నా నోటుపుస్తకంలో రాసుకున్నాను: "అయితే అతను అన్నాళ్లూ మాట్లాడకపోవడం జబ్బు వల్లనా? ప్రేమ వల్ల అనుకున్నానే."

మలుపు వెనక్కి కూడా వెలుగు వేస్తుందని నాకు తెలుసు, కానీ ఆ వెలుగులో ఏమేం కాలిపోతాయో ముందే లెక్క వేయలేదు. అతను తల ఎత్తకుండా చెయ్యి చాపడం ఇప్పుడు చనువు కాదు, నీరసం. ఆమె వైపు చూడకపోవడం సంకోచం కాదు, రహస్యం. సినిమాలోని మంచి క్షణాలన్నీ ఒక్కొక్కటిగా జబ్బు లక్షణాలుగా మారిపోయాయి. ఒక అరగంట ఆశ్చర్యం కోసం రెండు గంటల సత్యాన్ని అమ్ముకున్నాం.

మలుపులన్నీ చెడ్డవని నేను అనడం లేదు. ముందున్నదాన్ని మరింత నిజం చేసే మలుపులు ఉంటాయి. పాత్రల స్వభావంలోంచి వచ్చినప్పుడు మలుపు అలా పని చేస్తుంది. దీన్ని మేం బయటి నుంచి తెచ్చి అతికించాం. ప్యాచ్ వర్క్ మొత్తం తీసేయాలని దర్శకుడికి చెప్పడం ఈ కేసులో నేను చేసిన అన్నింటికంటే కష్టమైన పని. రెండు రోజుల షూటింగ్ ఖర్చు, మనుషుల శ్రమ వృథా అవుతాయి. ఆయన ఒక రాత్రి ఆలోచించుకుని సరేనన్నారు.

మూడో ప్రయత్నం: వేగం

ఎలాగూ తెలిసిన కథే, తొందరగా ముగించేద్దాం అనుకున్నాం. 152 నిమిషాలను 124కు తెచ్చాను. ప్రతి సన్నివేశంలోకి ఆలస్యంగా ప్రవేశించి, తొందరగా బయటికి వచ్చాను. నడకలు, తలుపులు, మాటకు మాటకు మధ్య ఎడం, ఇవన్నీ పోయాయి. పని చూసుకుంటే శుభ్రంగా ఉంది.

ఆ కట్ చూసినవాళ్లలో ముగ్గురు, సినిమా ఇంతకుముందుకంటే సాగదీసినట్టు ఉందన్నారు. ఇరవై ఎనిమిది నిమిషాలు తగ్గిన సినిమా పొడుగ్గా అనిపించడం ఏమిటి? నాకు రెండు రోజులు పట్టింది అర్థం కావడానికి. నేను తీసేసినవన్నీ ఊహించలేని భాగాలు. ఒక మనిషి కప్పు ఎలా పట్టుకుంటాడో, జవాబు చెప్పే ముందు ఎటు చూస్తాడో ఎవరూ ముందుగా చెప్పలేరు. అలాంటివన్నీ తీసేస్తే మిగిలింది కథ. ఈ సినిమాలో అందరికీ ముందే తెలిసిన భాగం కథ ఒక్కటే. తెలియనిదాన్నంతా నరికేసి, తెలిసినదాన్ని వడిగా వడ్డించాను.

ఇక్కడ ఆగి మొదటి నుంచి ఆలోచించాల్సి వచ్చింది.

రోగ నిర్ధారణ

అలంకారశాస్త్రం చదువుకున్నవాళ్లకు ఇది కొత్త కాదు. నేను చదువుకున్నా పని చేసేటప్పుడు గుర్తురాలేదు. శృంగార రసానికి స్థాయీభావం (అడుగున నిలిచి ఉండే భావం) రతి, అంటే ప్రేమ. అది మొదటి నుంచీ ఉంటుంది, చివరిదాకా మారదు, అందరికీ తెలుసు. దాన్ని పోషించేవి సంచారీ భావాలు: శంక, వ్రీడ (సిగ్గు), చింత, ఔత్సుక్యం (ఆత్రుత), అసూయ. నాట్యశాస్త్రం ఇలాంటివి 33 చెప్పింది. అలలాగా వచ్చిపోయేవి అవి. ఏ క్షణాన ఏది వస్తుందో ముందే చెప్పలేం. నేను మూడు సార్లు చేసినదేమిటంటే, స్థాయిని దాచబోయాను, స్థాయిని మార్చబోయాను, ఆ తర్వాత సంచారులనే కోసేశాను.

అప్పుడు ప్రివ్యూ పద్ధతి మార్చాను. సినిమాను నాలుగు చోట్ల ఆపి రెండే ప్రశ్నలు అడిగాను. తర్వాత ఏం జరుగుతుంది? ఏం జరగాలని మీరు కోరుకుంటున్నారు? మొదటి ప్రశ్నకు అన్నిచోట్లా అందరూ సరిగ్గానే జవాబు రాశారు. నా పనికి వచ్చింది రెండో ప్రశ్న. పద్దెనిమిదో నిమిషంలో "ఇద్దరూ ఒక్కసారి మనసు విప్పి మాట్లాడుకోవాలి" అని నిండుగా రాసినవాళ్లే, డెబ్బయ్యో నిమిషంలో "తొందరగా కలిస్తే బాగుండు" అని రాశారు. కొందరు ఖాళీగా వదిలేశారు. తెలిసినదాని కోసం ఎదురుచూస్తున్నప్పుడు కోరిక ఉంటుంది. కోరిక ఎక్కడ ఆరిపోయిందో అక్కడే జబ్బు ఉంది.

ఆ తర్వాత ప్రతి సన్నివేశానికీ ఒక చిన్న పట్టిక వేశాను. ఈ సంగతి ప్రేక్షకుడికి ఎప్పుడు తెలిసింది, పాత్రకు ఎప్పుడు తెలిసింది, ఆ మధ్యలో పాత్ర ఏం చేసింది. ఉత్తరం దగ్గర ఆ పట్టిక నోరు తెరిచింది. గురువుగారు ఉత్తరాన్ని ఒక పుస్తకంలో పెట్టి అలమారలో ఉంచడాన్ని ప్రేక్షకుడు ముప్పై నాలుగో నిమిషంలో చూస్తాడు. ఆమెకు అది దొరికేది తొంభై ఏడో నిమిషంలో. మధ్యలో అరవై మూడు నిమిషాలు. ఆ సమయమంతా ప్రేక్షకుడు చేతులు కట్టుకుని, ఆమె ఆ పుస్తకం తెరిచేదాకా కూర్చోవాలి.

ప్రేక్షకుడికి ముందే తెలియడం తప్పు కాదు. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి చెప్పి, ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు చెప్పకపోతే మామూలు మాటలు కూడా ఉత్కంఠ రేపుతాయని దర్శకుడు హిచ్‌కాక్ వివరించాడు. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ శాకుంతలం. భారతంలోని మూలకథలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. రెండూ కాళిదాసు చేర్చినవే. నాలుగో అంకం మొదట్లోనే దుర్వాసుడి శాపం మనకు తెలుస్తుంది, చెలికత్తెలిద్దరికీ తెలుస్తుంది, శకుంతలకు మాత్రం తెలియదు. ఆ తెలియనితనంతోనే ఆమె అత్తవారింటికి బయలుదేరుతుంది. ఆమె వేసే ప్రతి అడుగూ మనల్ని కోస్తుంది. ఎందుకంటే తెలియక ఆమె ఏదో చేస్తోంది, నమ్ముతోంది, కదులుతోంది.

మా కథానాయిక ఆ అరవై మూడు నిమిషాల్లో తెలియక చేసిన పని ఒక్కటీ లేదు. ఉత్తరం సంగతి తెలిసినా, తెలియకపోయినా ఆమె ఆ పెట్టెలే సర్దేది. సినిమా జబ్బు పేరు ముగింపు కాదు. అడ్డంకిలో ప్రాణం లేదు. ఒక్క వాక్యం చెబితే విడిపోయే ముడి చుట్టూ గంట సినిమా నడుస్తోంది.

పని చేసినవి

ఉత్తరాన్ని ముందుకు తెచ్చాను. అది ఆమెకు యాభై ఎనిమిదో నిమిషంలోనే దొరుకుతుంది, ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పదు.

కొత్త షూటింగ్‌కు వీల్లేదు, ఉన్నదానితోనే చేయాలి. దుమ్ము పని కాబట్టి ఇల్లు సర్దే రోజులన్నీ ఆమె ఒకే పాత చొక్కా వేసుకుని ఉంటుంది. అది నన్ను బతికించింది. ఉత్తరం దొరికే సన్నివేశంలోంచి చెయ్యి, కవరు, చదివే కళ్లు, ఇంతవరకు తీసుకున్నాను. కన్నీళ్లు మొదలయ్యే ముందు ఆపేశాను. దాని పక్కన వేరే సన్నివేశంలోని ముఖం పెట్టాను: గుమ్మంలో నిలబడి, అతను పెట్టెలు మోసుకెళ్తుంటే చూస్తున్న ముఖం. తీసినప్పుడు ఆ చూపుకు అలసట తప్ప వేరే అర్థం లేదు. ఒకే ముఖాన్ని వేర్వేరు వస్తువుల పక్కన పెడితే ప్రేక్షకుడు వేర్వేరు భావాలు చదువుకుంటాడని సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ వందేళ్ల క్రితం చూపించాడు. ఉత్తరం పక్కన ఆ అలసట, ఏం చేయాలో తెలియని మనిషి చూపుగా మారిపోయింది.

తొంభై ఏడో నిమిషంలో ఆమె ఉత్తరం అతని ముందు పెట్టే సన్నివేశం అలాగే ఉంది. మొదట్లో ఆమె డైలాగు "ఇది ఇప్పుడే దొరికింది". ఆ సమయంలో ఆమె కెమెరాకు వీపు పెట్టి ఉన్న షాట్ ఒకటి దొరికింది. దాని మీద ఒకే ఒక్క వాక్యం కొత్తగా డబ్బింగ్ చెప్పించాం: "ఇది నాకు దొరికి రెండు రోజులైంది."

ఈ ఒక్క వాక్యంతో సినిమా అపార్థం నుంచి నిర్ణయం వైపు తిరిగింది. రెండు రోజులు ఆమె ఎందుకు చెప్పలేదు? అతని మీద కోపమా, నిశ్చితార్థం చేసుకున్న మనిషి మీద గౌరవమా, తన మీద తనకు భయమా? మధ్యలో ఉన్న సన్నివేశాలన్నీ, ఒక్క ఫ్రేము మార్చకుండానే, కొత్త బరువు ఎత్తుకున్నాయి. ఆమె పెట్టె మీద పేరు రాసి కొట్టేయడం, అతను పిలిస్తే ఆలస్యంగా పలకడం ఇప్పుడు కథ అయ్యాయి.

రెండోది మూడో మనిషి. నిశ్చితార్థం అయిన అతన్ని స్క్రిప్టు మంచివాడిగా, చప్పగా రాసింది. ఆమె వదిలి వెళ్లడం ప్రేక్షకుడికి సులువుగా ఉండాలని అలా రాస్తారు. ప్రేమకథలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వదులుకోవడానికి ఏమీ లేనప్పుడు ఎంచుకోవడానికీ ఏమీ ఉండదు.

అతని రషెస్ మొత్తం మళ్లీ చూశాను, కట్ చెప్పాక మిగిలిన కొసలతో సహా. వాళ్లిద్దరూ బల్ల దగ్గర మాట్లాడుకునే సన్నివేశంలో ఒక టేక్ ఉంది. మాటలు అయిపోయి ఆమె లేచి వెళ్లిపోతుంది. దర్శకుడు ఎందుకో వెంటనే కట్ చెప్పలేదు. నటుడు పాత్రలోనే ఉండిపోయాడు. తన కప్పు పక్కకు జరిపాడు. ఆమె కప్పు సగం నిండే ఉంది. దాన్ని కాసేపు చూసి, వేడి పోకుండా పైన సాసరు బోర్లించాడు. పదకొండు సెకన్లు. ఆమె తిరిగి రాదని అతనికి అర్థమైందా లేదా అన్నది ఆ ముఖంలో తెలియదు. వస్తే చల్లారిపోకూడదు, అంతే.

ఆ పదకొండు సెకన్లు సినిమాలో పెట్టాక, ప్రేక్షకుడి కోరిక రెండుగా చీలింది. ముగింపు ఏమిటో ఇప్పటికీ అందరికీ తెలుసు. దాని వెల ఎంతో అప్పుడే తెలిసింది.

మూడోది రైల్వే స్టేషన్. అతని పరుగు, ఆమె ఎదురుచూపు, గడియారం, రైలు. నాలుగు నిమిషాల పాటు ఒకదాని తర్వాత ఒకటి. ఇలా మార్చి మార్చి చూపించే కూర్పు అడిగే ప్రశ్న ఒక్కటే: అతను సమయానికి వస్తాడా? హాల్లో ఎవరికీ లేని ప్రశ్న అదొక్కటే. అతని పరుగు మొత్తం తీసేశాను. ఆమె ముఖం మీద ఒకే షాట్, డెబ్బై సెకన్లు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 1,680 ఫ్రేములు కోత లేకుండా. అతను వస్తాడని మనకు తెలుసు, ఆమెకు తెలియదు. ఆమె కూర్చుంటుంది, లేస్తుంది, సంచి చేతిలోకి తీసుకుంటుంది, మళ్లీ కింద పెడుతుంది. రైలు వస్తున్న చప్పుడు విని ఆమె ముఖంలో కనబడేది నిరాశ కూడా కాదు, ఒక రకమైన తేలిక. అది చూసి దర్శకుడు చాలాసేపు మాట్లాడలేదు. షూటింగ్‌లో నటి అది చేసిందని ఆయనకే గుర్తు లేదు.

ఇది ఆయన ఒప్పుకోవడానికి కారణం నా వాదన కాదు. రెండు రూపాలూ పక్కపక్కన వేసి చూపించాను. పరుగు ఉన్నదానిలో గది మొత్తం ఊపిరి మామూలుగా తీసుకుంటోంది.

నాలుగోది సంగీతం. ఇది చిన్నదిగా కనిపిస్తుంది, కానీ "ముందే తెలిసిపోయింది" అన్న ఫిర్యాదులో సగం దీనివల్లే వస్తుందని ఈ కేసుతో నాకు నమ్మకం కుదిరింది. టేపు చుట్ట సన్నివేశంలో వయొలిన్లు ఆమె ఆగడానికి ఒక సెకను ముందే మొదలయ్యేవి. స్టేషన్‌లో అతను కనిపించక ముందే స్వరం మారేది. కథ చెప్పక ముందు సంగీతం చెప్పేస్తోంది. నేపథ్య సంగీతం చేర్చే రీరికార్డింగ్ దశలో సంగీత దర్శకుడితో కూర్చుని అలాంటి తొమ్మిది చోట్ల సంగీతం ఆలస్యంగా మొదలయ్యేలా చేశాం. స్టేషన్‌లో ఆమె అతన్ని చూశాక మూడు సెకన్లకు గానీ మొదటి స్వరం రాదు. టేపు చుట్ట సన్నివేశంలో సంగీతమే లేదు. "నువ్వేమీ మారలేదు" అన్న డైలాగూ లేదు. పందొమ్మిది సెకన్లూ ఉన్నాయి.

ఒక దశలో, ముగింపును సినిమా మొదట్లోనే చూపించేద్దామా అని కూడా చర్చించాం. 2011లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు, ముగింపు ముందే తెలిసిన చిన్న కథలను పాఠకులు ఎక్కువ ఇష్టపడ్డారని ప్రచురించారు. ఆ తర్వాతి అధ్యయనాల్లో దీనికి విరుద్ధమైన ఫలితాలూ వచ్చాయి. దాన్ని ఆధారం చేసుకుని నిర్ణయం తీసుకోవడం నాకు సమ్మతం కాలేదు. పైగా ఆమె రెండు రోజుల మౌనం మీద నిలబడ్డ సినిమాలో, చివర ఆమె ఏం ఎంచుకుందో మొదటే చూపిస్తే ఆ మౌనం బరువు తగ్గుతుంది. దాచలేదు, చాటలేదు. ఉన్నచోటే ఉంచాం.

చివరి కట్ 139 నిమిషాలు. 124 కంటే పదిహేను నిమిషాలు ఎక్కువ. నిడివి గురించి చివరి ప్రివ్యూలో ఒక్కరే ప్రస్తావించారు.

కుదరనివి

గతంలో వాళ్ల ప్రేమను చూపించే మాంటేజ్ (చిన్న చిన్న దృశ్యాల వరుస) ఒకటుంది. వాన, సైకిలు, నవ్వులు, పరుగులు. ఎవరిదైనా కావచ్చు ఆ ప్రేమ. దాన్ని యాభై సెకన్లకు కుదించాను, అంతకుమించి చేయలేకపోయాను. టేపు చుట్ట కొస మడతపెట్టినంత సొంతమైన పని ఒక్కటి అందులో ఉండి ఉంటే చాలు. స్నేహితుడి హాస్యం కూడా అతికినట్టు ఉండదు, కానీ ఒక ముఖ్యమైన సమాచారం అతని నోటే వస్తుంది కాబట్టి తీయలేం.

ఇంతకంటే లోతైన లోపం కథానాయకుడిది. అతనికి ఆమె కావాలి. అది తప్ప ఈ లోకంలో ఏమీ అక్కర్లేదు. ఇల్లు ఖాళీ చేయడానికి రాకపోతే ఆ నాలుగు రోజులు అతను ఏం చేసేవాడో సినిమాలో ఎక్కడా లేదు. తనకంటూ పని, పట్టుదల, పిచ్చి ఏమీ లేని మనిషి ప్రేమలో ఎదురుచూడటం తప్ప ఏం చేయగలడు? అందుకే అతని వైపు సన్నివేశాల్లో సంచారులు రావు. ఎడిటింగ్‌లో ఒక చూపును మరో చూపు పక్కన పెట్టగలను, లేని జీవితాన్ని పుట్టించలేను. ఇది స్క్రిప్టు దశలోనే జరగాల్సింది.

నేర్చుకున్నది

ఇప్పుడు ఇలాంటి సినిమా వస్తే ముందు అడిగే ప్రశ్న వేరు. ముగింపు ఎప్పుడు తెలిసిందని అడగను. ప్రేక్షకుడు కోరుకోవడం ఎప్పుడు మానేశాడని అడుగుతాను.

ఊహించగలిగే ప్రేమకథకు ఉన్న పెద్ద బలాన్ని మేం ఈ పనిలో దాదాపు పోగొట్టుకుని తిరిగి తెచ్చుకున్నాం. ఏమవుతుందో అన్న ఆందోళన లేని ప్రేక్షకుడికి చూడటానికి తీరిక ఉంటుంది. చేతులు చూస్తాడు, కప్పు చూస్తాడు, జవాబుకు ముందు వచ్చే ఎడాన్ని చూస్తాడు. నేర పరిశోధన సినిమాలో పందొమ్మిది సెకన్ల టేపు చుట్ట నిలవదు, ఇక్కడ నిలుస్తుంది. ఆ తీరికను దర్శకుడు నింపకపోతే మాత్రం అదే విసుగవుతుంది. అందుకే ఈ తరహా సినిమాకు నటన, చిన్న పనుల సూక్ష్మత మిగతా సినిమాల కంటే ఎక్కువ కావాలి. కథ మోసే బరువు ఇక్కడ మనుషులు మోయాలి.

బలహీనతలు ఎక్కువగా ముగింపుకు చాలా దూరంగా పుడతాయి. ఒక్క మాటతో తీరిపోయే అపార్థం, వదులుకోవడానికి వీలుగా రాసిన మూడో మనిషి, ముందుకు పరుగెత్తే సంగీతం, ఎవరికీ లేని ప్రశ్న అడిగే పతాక సన్నివేశం. వీటిలో సగం ఎడిటింగ్ టేబుల్ మీద చక్కబడతాయి. దర్శకులతో, రచయితలతో మాట్లాడేటప్పుడు నేను ఇప్పుడు ఇంకొకటి కూడా అడుగుతున్నాను: కట్ చెప్పడానికి తొందరపడకండి. మాటలు అయిపోయాక నటుడు ఏం చేస్తాడో ఆగి చూడండి.

చివరి ప్రివ్యూలోనూ నాలుగు చోట్ల ఆపి అవే రెండు ప్రశ్నలు అడిగాం. మొదటి ప్రశ్నకు జవాబులు మారలేదు. రెండోదానికి స్టేషన్ సన్నివేశం ముందు వచ్చిన జవాబుల్లో చాలా వాటిలో "వాళ్లు కలవాలి" అన్న మాట ఉంది. దాని కిందే, వేర్వేరు చేతిరాతల్లో, మూడో మనిషి గురించి ఉంది. అతనికి ఎవరు చెబుతారు? ఆమే చెప్పాలి. ఫోనులో చెప్పకూడదు. ఒకరైతే కాగితం వెనక వైపుకు తిప్పి అతని గురించే రాశారు.

ఆ కాగితాలు పట్టుకుని దర్శకుడు, నేను రషెస్ మళ్లీ మొదటి నుంచి చూశాం. ఆమె అతనికి చెప్పే సన్నివేశం తీయనేలేదు. విడిగా అతని ముఖమైనా, వీపైనా, తలుపు మూసే చెయ్యైనా ఉందేమోనని వెతికాం. ఆ పదకొండు సెకన్లు తప్ప అతనివి ఇంకేమీ లేవు, వాటిని అప్పటికే వాడేశాం.